ఖాళీ గడికీ సున్నాకీ తేడా తెలియని ధరల పట్టిక: మూడేళ్లు వాడాక

పైపు నెట్‌వర్కుల్లో ప్రవాహం, పీడనం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లలో ఖర్చుల మాడ్యూల్ ఒకటి ఉంటుంది. మేం మూడేళ్లుగా వాడుతున్న దాంట్లోనూ ఉంది. హైడ్రాలిక్ లెక్కల జోలికి ఇక్కడ పోను. అవి బాగుంటాయి, వాటి గురించి వాడేవాళ్లందరికీ తెలుసు. నా కోపమంతా ఒక్కదాని మీదే. ధరల పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నాగా పట్టుకుని లెక్క పూర్తి చేసేస్తుంది. హెచ్చరిక రాదు, రిపోర్టులో గుర్తు పడదు, లెక్క ఆగదు. మొత్తం మాత్రం చక్కగా రెండు దశాంశాల వరకు వస్తుంది.

ఇది చిన్న లోపం కాదని ఎందుకంటున్నానంటే, పైపింగ్‌లో సున్నా ధరకి నిజమైన అర్థం ఉంది. నడుస్తున్న ప్లాంటుకి కొత్త లైన్ కలిపేటప్పుడు అప్పటికే ఉన్న పైపు ధర సున్నానే. క్లయింటు తానే తెచ్చి ఇచ్చే కంట్రోల్ వాల్వ్ ధర సున్నా, బిగించే కూలి మాత్రం మనది. అంటే సున్నా అన్నది తెలిసి వేసిన అంకె. ఖాళీ గడి అలా కాదు, రేటు ఇంకా రాలేదనో, వేయడం మరిచారనో దానర్థం. ఈ రెంటినీ ఒకే గాట కట్టేస్తే పట్టికలో ఏ సున్నా నిజమో, ఏది మరుపో ఎవరూ చెప్పలేరు.

దీనివల్ల ఏం జరిగిందో వివరంగా చెప్తాను. కూలింగ్ వాటర్ లూప్ ఒకటి. 400 మీటర్ల మెయిన్ హెడర్‌ని (బ్రాంచ్ లైన్లన్నీ కలిసే పెద్ద పైపుని) 6 అంగుళాలు పెట్టాలా, 8 పెట్టాలా అన్నది ప్రశ్న. షెడ్యూల్ 40లో (గోడ మందానికి వాడే పేర్లలో ఇదొకటి) 6 అంగుళాల కార్బన్ స్టీల్ పైపు మీటరుకి 28.26 కిలోలు, 8 అంగుళాలది 42.55 కిలోలు. అంటే పైపు బరువు ఒకటిన్నర రెట్లవుతుంది. లోపలి వ్యాసం 154 మిల్లీమీటర్ల నుంచి 202.7కి పెరుగుతుంది. ఘర్షణ నష్టం దాదాపు వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, అదే ప్రవాహానికి నాలుగో వంతుకి దిగుతుంది. కొనుగోలు ఖర్చు పెరిగి కరెంటు ఖర్చు తగ్గాలి, పదేళ్ల మొత్తంలో 8 అంగుళాలు నెగ్గే అవకాశం ఎక్కువ. అందరూ అనుకున్నదీ అదే. సాఫ్ట్‌వేర్ కూడా 8 అంగుళాలే చవక అని చూపించింది. అనుకున్న జవాబే రావడంతో దాన్ని ఎవరూ తరచి చూడలేదు.

తప్పు మొదటి పేజీలో కనిపించలేదు. అక్కడ పెట్టుబడి, కరెంటు కలిపిన మొత్తం ఒక్కటే ఉంటుంది. విడివిడి వరుసల్లోకి వెళ్తే 8 అంగుళాల ఎంపికలో కొనుగోలు ఖర్చే 6 అంగుళాల కన్నా తక్కువగా ఉంది. పెద్ద పైపు చిన్న పైపు కన్నా చవకగా దొరకదు కదా. ఇంకా లోపలికి వెళ్తే హెడర్ పైపు ధర సున్నా. ఎల్బోలు (వంపు ముక్కలు), ఫ్లాంజ్‌లు (బోల్టులతో కలిపే చక్రాలు), వాల్వులు అన్నింటికీ ధరలు పడ్డాయి, బ్రాంచ్ లైన్లకీ పడ్డాయి. అన్నీ సున్నా అయ్యుంటే ఎవరైనా వెంటనే పట్టేవాళ్లు. కొన్ని మాత్రమే సున్నా కావడంతో మొత్తం నమ్మదగినట్టే కనిపించింది.

కారణం పేరు. ఈ మాడ్యూల్ పైపుని మెటీరియల్, సైజు, గోడ మందం పేరు, ఈ మూడింటితో ధరల ఫైలులో వెతుకుతుంది. మోడల్‌లో 6 అంగుళాల హెడర్‌ని షెడ్యూల్ 40 అని ఎంచుకున్నారు, 8 అంగుళాలదాన్ని ఎస్‌టీడీ (స్టాండర్డ్) అని. ధరల ఫైలులో షెడ్యూల్ 40 వరుసలే ఉన్నాయి, ఎస్‌టీడీ వరుసలు ఖాళీ. పైపు కొలతల ప్రమాణం ఏఎస్‌ఎంఈ బీ36.10ఎం ప్రకారం 10 అంగుళాల వరకు ఈ రెండూ ఒకే పైపు. 8 అంగుళాలకి రెంటి గోడ మందమూ 8.18 మిల్లీమీటర్లే. అందుకే హైడ్రాలిక్ ఫలితాల్లో వెంట్రుకవాసి తేడా రాదు, అక్కడ ఎంత వెతికినా తప్పు దొరకదు. ధర దగ్గర మాత్రం పేరు కలవలేదు, గడి ఖాళీ, ఖర్చు సున్నా.

అలాగని ఎస్‌టీడీ వరుసలన్నిట్లోనూ షెడ్యూల్ 40 ధరలు దించేయకండి. 12 అంగుళాల దగ్గర దారులు విడిపోతాయి. ఎస్‌టీడీ 9.53 మిల్లీమీటర్లు, షెడ్యూల్ 40 10.31 మిల్లీమీటర్లు. మీటరు బరువు 73.88 కిలోలు ఒకటి, 79.73 కిలోలు ఇంకొకటి. ఇంకా మందమైన ఎక్స్‌ఎస్ (ఎక్స్‌ట్రా స్ట్రాంగ్), షెడ్యూల్ 80ల జంట 8 అంగుళాల వరకే ఒకటి, 10 అంగుళాలకి 12.70, 15.09గా వేరవుతాయి. అందుకే ఇప్పుడు ధరల ఫైలుని పేర్లతో కాకుండా బయటి స్ప్రెడ్‌షీట్‌లో గోడ మందంతో కడుతున్నాం. బయటి వ్యాసంలోంచి మందం తీసేసి, దాన్ని మందంతో హెచ్చించి, 0.02466తో హెచ్చిస్తే కార్బన్ స్టీల్‌కి మీటరు బరువు కిలోల్లో వస్తుంది (కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి). 4 అంగుళాల షెడ్యూల్ 40కి 114.3, 6.02 వేసి చూడండి, 16.07 వస్తుంది. దాన్ని కిలో రేటుతో హెచ్చించి మీటరు ధర తీసి, అదే ధరని ఆ మందానికి ఉన్న పేర్లన్నింటి కిందా అతికిస్తాం. 2 అంగుళాలూ అంతకన్నా చిన్నవాటికి మాత్రం కిలో రేటు విడిగా పెట్టుకోవాలి. చిన్న పైపుకి కిలోకి పడే ధర పెద్ద పైపు కన్నా ఎక్కువ, ఒకే రేటు అందరికీ సరిపోదు.

ఈ బరువే తప్పులు పట్టడానికీ పనికొస్తుంది. రిపోర్టులో వచ్చిన మొత్తం పైపు మెటీరియల్ ఖర్చుని మొత్తం పైపు బరువుతో భాగించండి. వచ్చే కిలో రేటు మీరు ఇచ్చిన రేటుకి దగ్గరగా లేకపోతే ఎక్కడో సున్నా దాగి ఉంది. అయిదు నిమిషాల పని. ఇది చేయకుండా ఏ ఖర్చు రిపోర్టునీ బయటికి పంపకూడదని మా దగ్గర నియమం పెట్టుకున్నాం.

ఇంకో ఉపాయం, ఖాళీ గడులన్నింట్లోనూ 99,99,999 లాంటి అసాధ్యమైన అంకె నింపేయడం. ధర దొరకని పైపు మోడల్‌లో ఒక్కటున్నా మొత్తం కొండంత అయి కూర్చుంటుంది, ఎవరూ చూడకుండా దాటిపోలేరు. నిజమైన సున్నాలు సున్నాలుగానే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పనిని ఇలా చేతులతో చేయాల్సి రావడం బాధగానే ఉంటుంది, కానీ పనిచేస్తుంది. ఒక్క చోట తప్ప.

ఆ ఒక్క చోటు ఇంటర్‌పొలేషన్. మొదటి ఏడాది ఈ మాడ్యూల్‌లో అందరికీ చెప్పి మరీ మెచ్చుకున్న సదుపాయం ఇదే. నాలుగు సైజులకి ధరలిస్తే మధ్య సైజులకి తానే సరళరేఖలో లెక్కేసుకుంటుంది. కొటేషన్లు అన్ని సైజులకీ రాని తొలి దశలో ఇది చాలా పని తగ్గిస్తుంది, ఆ మాట ఇప్పటికీ అంటాను. కాకపోతే ఇంటర్‌పొలేషన్ పెట్టిన పట్టికలో పైన చెప్పిన అసాధ్యపు అంకె ఒక్కటి ఉన్నా పక్క సైజుల ధరలు కూడా చెడిపోతాయి. కాబట్టి ఒక పట్టికలో రెండిట్లో ఒకటే వాడాలి.

ధరలిచ్చే రెండు సైజుల మధ్య దూరం కూడా చూసుకోవాలి. పైపు ధర బరువుతో పాటే నడుస్తుంది కాబట్టి మీటరు బరువులతోనే చూద్దాం. 4, 8 అంగుళాల బరువులిచ్చి 6కి సరళరేఖలో తీస్తే 29.31 వస్తుంది, అసలు 28.26, నాలుగు శాతం లోపే తేడా. పర్వాలేదు. 2, 12 అంగుళాలవి మాత్రమే ఇచ్చి 6కి తీస్తే 35 దాటుతుంది, దాదాపు పావు వంతు ఎక్కువ. పట్టిక చివరి సైజు దాటితే ఇంకా ఘోరం, చివరి ధరనే పట్టుకుని కూర్చుంటుంది. 12 వరకు ధరలిచ్చి మోడల్‌లో 16 అంగుళాల లైన్ గీస్తే దానికి 12 ధరే పడుతుంది. ఇది సున్నా కూడా కాదు కాబట్టి అసలు దొరకదు. వాల్వులకైతే ఇంటర్‌పొలేషన్ మానేశాం. పైపు ధరకి బరువు తోడుంటుంది, వాల్వ్ ధరకి అలాంటి ఆధారం లేదు. పీడన తరగతి క్లాస్ 150 నుంచి 300కి మారినా, మాన్యువల్ నుంచి మోటారుకి మారినా ధర మెట్లుమెట్లుగా ఎగురుతుంది.

ఫిటింగుల దగ్గర మరో సున్నా పొంచి ఉంది. ఎల్బోలని లెక్కపెట్టి జాబితాలోంచి ఎంచుకుంటే ధర పడుతుంది. తొందరలో అన్నీ కలిపి కె విలువ (పీడన నష్టాన్ని చెప్పే గుణకం) ఒకటి, 3.6 అనో 4.2 అనో, నేరుగా టైప్ చేస్తే పీడన నష్టం సరిగ్గా వస్తుంది కానీ ధర రాదు. ఎన్ని ఎల్బోలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు కదా. ఇది దాని తప్పు కాదు, కానీ ఖర్చు లెక్కకి వెళ్లబోయే మోడల్‌ని మొదటి రోజు నుంచే ఫిటింగుల సంఖ్యతో కట్టాలి. కొత్తగా గీసిన పైపుకి 'ఖర్చులో చేర్చు' అనే టిక్ దానంతట అది పడదన్నది కూడా గుర్తుంచుకోండి. అన్నింటినీ ఒకేసారి ఎంచి టిక్ పెట్టి, ఉన్న పాత లైన్లకి మాత్రం తీసేయడం నయం.

బిగింపు ఖర్చు గురించి కొంచెం. వెల్డింగ్‌ని ఇంచ్-డయాల్లో (జాయింట్ల సంఖ్యని అంగుళాల సైజుతో హెచ్చించి) కొలిచే అలవాటు ఉన్నవాళ్లకి ఈ మాడ్యూల్ మొదట్లో అడ్డం తిరుగుతుంది, దానికి తెలిసింది పైపుకి మీటరు చొప్పున, ఫిటింగుకి ఒక్కోటి చొప్పున మాత్రమే. మార్చుకునే పద్ధతి ఇది. 6 అంగుళాల ఎల్బోకి రెండు బట్ జాయింట్లు (అంచుకి అంచు పెట్టి వేసే వెల్డింగ్), 12 ఇంచ్-డయాలు. సమాన టీకి మూడు, 18. వెల్డ్ నెక్ ఫ్లాంజ్‌కి ఒకటి, 6. పైపు ముక్కల మధ్య జాయింట్లు మీటరు రేటులోకి వెళ్లాలి. 6 మీటర్ల ముక్కలైతే ప్రతి 6 మీటర్లకి ఒక జాయింట్, అంటే 6 అంగుళాల పైపుకి మీటరుకి ఒక ఇంచ్-డయా. 12 మీటర్ల ముక్కలైతే అందులో సగం. కాంట్రాక్టరు ఇచ్చే మీటరు రేటులో ఫిటింగుల వెల్డింగ్ కూడా కలిపి ఉంటే ఫిటింగు వరుసల్లో వెల్డింగ్ వేయకూడదు, వేస్తే రెండుసార్లు పడుతుంది. ఇది ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు, రేటు షీట్ చదివేవాళ్లే పట్టుకోవాలి.

పెయింటు, ఇన్సులేషన్ చదరపు మీటర్లలో వస్తాయి. 6 అంగుళాల పైపు మీటరుకి 0.53 చదరపు మీటర్లు, దాని మీద 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ చుడితే క్లాడింగ్‌కి (ఇన్సులేషన్ పైన కప్పే రేకుకి) 0.84. పైపు కొలతతో క్లాడింగ్ లెక్కకట్టడం తరచూ కనిపించే పొరపాటు.

కరెంటు భాగంలో మూడు గడులు తప్పకుండా చూడండి: నడిచే గంటలు, పంపు-మోటారు సామర్థ్యాలు, డిస్కౌంట్ రేటు (రాబోయే ఏళ్ల ఖర్చుని నేటి విలువకి తగ్గించే శాతం). గంటల గడిలో ముందే 8760, అంటే ఏడాదిలోని గంటలన్నీ, ఉంటుంది, చాలా ప్లాంట్లు అంతసేపు నడవవు. గంటకి 100 క్యూబిక్ మీటర్ల నీరు, 10 మీటర్ల హెడ్ (నీటి ఎత్తుగా చెప్పే పీడనం), పంపు 70 శాతం, మోటారు 93 శాతం అనుకుంటే 4.2 కిలోవాట్లు పడుతుంది. 8000 గంటలకి సుమారు 33,500 యూనిట్లు. డిస్కౌంట్ రేటు గడిని ఖాళీగా వదిలితే, మీరు ఊహించినట్టే, సున్నా. అప్పుడు పదేళ్ల కరెంటు ఖర్చు ఏడాది ఖర్చుకి పది రెట్లవుతుంది. 8 శాతం వేస్తే 6.71 రెట్లే. పై హెడర్ లెక్కలో ఈ గడి కూడా ఖాళీగానే ఉంది, ఇది కూడా 8 అంగుళాల వైపే తూకం మొగ్గేలా చేసింది. రెండూ సరిచేశాక 8 అంగుళాలే నెగ్గింది గానీ, రెండిటి మధ్య తేడా బాగా తగ్గిపోయింది. పంపు మీద హెడ్ ఇంకొంచెం తక్కువున్నా, ఏడాదికి ఇంకో వెయ్యి గంటలు తక్కువ నడిచినా జవాబు మారిపోయేది.

ఇన్ని చెప్పాక కూడా ఈ మాడ్యూల్‌ని మేం తీసేయలేదు. మా పని ఎక్కువగా నీటి లైన్లు, కార్బన్ స్టీల్, రెండు మూడు స్పెసిఫికేషన్లు, ఒక్కో మోడల్‌లో మూడు నాలుగు వందల పైపులు. ధరల ఫైలు ఒకసారి శ్రద్ధగా కడితే రేట్లు పెరిగినప్పుడు ఒక గుణకం మారిస్తే చాలు, సైజులు మార్చి పోల్చడం నిమిషాల్లో అయిపోతుంది. అల్లాయ్‌లు, లైనింగ్ పైపులు, పదికి పైగా స్పెసిఫికేషన్లు ఉన్నవాళ్లకి మాత్రం ఇదే మాట చెప్పలేను. గడులు ఎన్ని ఎక్కువైతే ఖాళీలు అన్ని ఎక్కువ. అలాంటి పనికి ధరలని మెటీరియల్ టేకాఫ్ షీట్‌లోనే (కావాల్సిన సరుకుల లెక్క ఉండే షీట్) ఉంచుకుని, ఇందులోంచి పొడవులు, సంఖ్యలు, పంపు కిలోవాట్లు మాత్రం తీసుకుంటే మేలేమో.