గురకకి నోట్లో పెట్టుకునే పరికరం: మూడో ఏడు వాడుతూ రాస్తున్నది

నేను వాడేది కింది దవడని కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం. పై పళ్ళకొకటి, కింది పళ్ళకొకటి గట్టి ప్లాస్టిక్ తొడుగులు, వాటిని కలుపుతూ పక్కల రెండు చిన్న మరలు. దవడ ముందుకొస్తే నాలుక మొదలు కూడా ముందుకు జరుగుతుంది, నిద్రలో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోదు. పడుకునే ముందు పెట్టుకోవడం, లేవగానే తీసేయడం. కరెంటు అక్కర్లేదు.

నాది నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, స్లీప్ ఆప్నియా అంటారు. దాన్ని ముందు అనుమానించింది గుండె డాక్టరు కాదు, పళ్ళ డాక్టరు. రాయగడలో అరిగిపోయిన దవడ పన్నుకి క్యాప్ వేయించుకుందామని వెళ్ళాను. ఆవిడ నా నాలుక అంచుల మీద వరసగా పడ్డ పళ్ళ గుర్తులు చూసి, "నిద్రలో పళ్ళు కొరుకుతారా? గురక వస్తుందా? పగలు కునికిపాట్లు పడతారా?" అని ఒడియాలో అడిగారు. రెండు మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగట్లేదని చెప్పేసరికి క్యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు స్లీప్ స్టడీ చేయించుకోండి అన్నారు. ఇంట్లో మా ఆవిడ ఎప్పట్నుంచో అంటూనే ఉంది: "ఏటండీ, గురక టక్కున ఆగిపోద్ది, ఊపిరే ఉండదు. ఆనక ఒక్కసారి ఎగిరిపడతారు."

రైలెక్కి విశాఖ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. నిద్రలో ఊపిరి పది సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగిపోవడం, లేదా బాగా తగ్గిపోవడం గంటకి ఎన్నిసార్లు జరిగిందో లెక్క కడతారు. 5 లోపు ఉంటే మామూలు. 15 దాకా తక్కువ స్థాయి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాకు 24 వచ్చింది. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి సగం మేలుకుంటుంది, బీపీ ఎగుస్తుంది. రాత్రంతా ఇదే తంతు. దిగని బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం, షుగరు, వీటన్నిటికీ దీనితో సంబంధం ఉందని అక్కడి డాక్టరు చెప్పారు. వీటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది బండి నడుపుతూ నిద్రలోకి జారిపోవడం. మా వైపు ఘాట్ రోడ్ల మీద లారీల మధ్య అది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

డాక్టరు ముందు రాసింది సీపాప్ మిషనే. మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు తెరిచి ఉంచుతుంది. ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో దానిదే పైచేయి, అందులో అనుమానం లేదు. కాకపోతే గాలివానకి కరెంటు పోయిందంటే మాస్కు పీకేసుకుని లేచి కూర్చునేవాణ్ణి, మళ్ళీ పెట్టుకునేవాణ్ణి కాదు. సీపాప్ తట్టుకోలేనివాళ్ళకి పళ్ళ కొలతలతో చేసి, మరతో సవరించగల పరికరం ఇవ్వొచ్చని అమెరికాలో నిద్ర వైద్యులు, దంత వైద్యులు కలిసి 2015లో మార్గదర్శకాలు ఇచ్చారు. దాని ప్రకారమే నన్ను విశాఖలోనే ఇంకో దంత వైద్యుడి దగ్గరికి పంపారు.

అచ్చు తీసి పరికరం చేయడం పెద్ద పనేం కాదు. అసలు పనంతా సవరణలోనే ఉంది. చిన్న పిన్ను పెట్టి మర తిప్పితే దవడ వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. కొన్నాళ్ళు ఆగి, నొప్పి లేదంటే ఇంకో తిప్పు. మొదట్లో దిండంతా చొంగ. పొద్దున్నే చెవుల ముందర సలుపు. వెనక పళ్ళు ఆనేవి కాదు, ఇడ్లీ తప్ప ఇంకేదీ నమల్లేకపోయేవాణ్ణి. దవడ తిరిగి సర్దుకోవడానికి లేవగానే కాసేపు కొరికి పట్టుకోమని ఒక ముక్క ఇచ్చారు. అది మాత్రం మానొద్దు.

నాది టైలరింగ్. దారం పళ్ళతో తెంపడం చిన్నప్పటి అలవాటు. ఇదివరకు నా పై పళ్ళు ముందుకుండేవి, ఇప్పుడు పైవీ కిందివీ అంచుకి అంచు ఆనుతున్నాయి. ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ పొందిక ఇలా మారుతుందని డాక్టరు ముందే చెప్పారు, ఆర్నెల్లకోసారి చూస్తున్నారు. నాకిది ఒప్పుకోదగ్గ నష్టమే. అందంగా కనిపించాలనుకునే కుర్రాళ్ళకి కాకపోవచ్చు.

మా తోడల్లుడు గుణుపూర్‌లో ఉంటాడు. వేడినీళ్ళలో మెత్తబెట్టి పళ్ళతో కొరికి పట్టే రకం ఆన్‌లైన్‌లో కొన్నాడు. గురక తగ్గిందని మురిసిపోయాడు గానీ పగలు కునుకు పోలేదు. గురక వినపడకపోయినా ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు, అది పక్కన పడుకున్నవాళ్ళకీ తెలీదు. అందుకే పరికరం నోట్లో ఉండగా మళ్ళీ పరీక్ష చేయాలి. నాకు రెండోసారి 7 వచ్చింది. తోడల్లుడు పరీక్షకి వెళ్తే 30 పైన తేలింది, ఇప్పుడు సీపాప్ వాడుతున్నాడు. బీపీ మాత్రల్లో ఒకటి నాకు డాక్టరు తీసేశారు. అది దీని చలవేనని ఒట్టేసి చెప్పను, ఉప్పు తగ్గించాను, బరువూ తగ్గాను.

శుభ్రం చేయడం తేలికే: చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్. వేడినీళ్ళు తగిలితే ఆకారం పోతుంది, పేస్టు వాడితే గీతలు పడతాయి. డబ్బు మాత్రం బాగానే అయింది. బీమా కంపెనీ పళ్ళ ఖర్చు కింద రాసేసి పైసా ఇవ్వలేదు.

పళ్ళు కదులుతున్నవాళ్ళు, చిగుళ్ళ జబ్బున్నవాళ్ళు, కట్టుడు పళ్ళవాళ్ళు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళేముందు దంత వైద్యుడికి చూపించుకోవాలి. సవరణలకి తిరగడం కుదరనివాళ్ళకి కూడా నేను చెప్పను. నా దానికి ఒక పక్క మర వదులైంది, వచ్చే నెల విశాఖ వెళ్ళినప్పుడు కొత్తదానికి అచ్చు ఇచ్చి రావాలి. మళ్ళీ ఇదే రకం చేయించుకుంటున్నాను.