డయాగ్రమ్‌లో ఐకాన్‌లు గళ్లు పడుతుంటే: పెద్ద పీఎన్‌జీ, ఈఎంఎఫ్, ఎస్‌వీజీ, షేప్ స్క్రిప్ట్... ఏది మేలు?

ఐకాన్ ఫైల్ మార్చే ముందు డయాగ్రమ్‌ని అది గీసిన టూల్‌లోనే 400 శాతం జూమ్ చేసి చూడండి. అక్కడే గళ్లు కనిపిస్తే లోపం ఐకాన్‌ది. అక్కడ శుభ్రంగా ఉండి డాక్యుమెంట్‌లోకి వెళ్లాక చెడిపోతే లోపం ఎక్స్‌పోర్ట్‌ది. జేపీజీగా తీస్తే గీతల అంచుల చుట్టూ మరకలు పడతాయి. వర్డ్ కూడా సేవ్ చేసేటప్పుడు బొమ్మల్ని మామూలుగా 220 పీపీఐకి (అంగుళానికి 220 పిక్సెళ్లకి) కుదించేస్తుంది. ఆప్షన్స్‌లో ఆ కుదింపుని ఆపేయొచ్చు. చాలామంది ఇది చూసుకోకుండా ఉన్న ఐకాన్‌లన్నీ మార్చుకుంటూ కూర్చుంటారు, ఆ శ్రమంతా వృథా.

లోపం ఐకాన్‌దే అని తేలితే అందరూ ముందు చేసే పని పెద్ద పీఎన్‌జీ పెట్టడం. లెక్క తేలికే. 32 పిక్సెళ్ల బొమ్మని 96కి సాగదీస్తే ఒక్కో పిక్సెల్ తొమ్మిది పిక్సెళ్ల చోటు ఆక్రమిస్తుంది, గళ్లు వచ్చేది అందుకే. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) ప్రింట్ తీస్తే అర అంగుళం ఐకాన్‌కి 150 పిక్సెళ్లు కావాలి. కనిపించే సైజుకి నాలుగు రెట్లు పెడితే చాలా పనులకి సరిపోతుంది. అలాగని 1024 పిక్సెళ్లది తెచ్చి పెట్టకండి. కొన్ని టూల్స్ దాన్ని చిన్నది చేసేటప్పుడు సన్న గీతలు మాయమవుతాయి, మోడల్ ఫైల్ కూడా ఊరికే బరువెక్కుతుంది.

స్పార్క్స్ ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అనే మోడలింగ్ టూల్ వాడేవాళ్లకి ఈఎంఎఫ్ దారి ఉంది. ఇది వెక్టర్ ఫార్మాట్, అంటే బొమ్మని పిక్సెళ్లుగా కాక గీతలుగా దాచుకుంటుంది, ఎంత సాగదీసినా గళ్లు పడవు. అయితే పాత రకం ఈఎంఎఫ్‌లో పారదర్శకత సరిగా రాదు, వంపుల అంచులు కాస్త రంపపు పళ్లలా కనిపించొచ్చు. పైగా ఇది విండోస్ ఫార్మాట్. టీమ్‌లో కొందరు వేరే సిస్టమ్ మీద ఉంటే వాళ్ల దగ్గర ఎలా కనిపిస్తుందో ముందే చూసుకోవాలి.

ఎస్‌వీజీ కూడా వెక్టరే, టూల్ సరిగా చూపిస్తే అన్నిటికన్నా హాయి. కానీ ఫైల్ పేరు చూసి నమ్మకండి. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే లోపల ఒక పీఎన్‌జీని అలాగే అతికించి ఉన్న ఎస్‌వీజీలు కనిపిస్తాయి, అవి ఎప్పటికీ బాగుపడవు. ఐకాన్‌లో అక్షరాలుంటే వాటిని ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ బొమ్మల టూల్‌లో పాత్‌లుగా (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) మార్చేయండి, లేదంటే ఆ ఫాంట్ లేని మెషీన్‌లో రూపం మారిపోతుంది. డయాగ్రమ్ మొత్తాన్ని ఎస్‌వీజీగానో పీడీఎఫ్‌గానో ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. అందులో పెట్టిన పీఎన్‌జీ ఐకాన్ పీఎన్‌జీగానే ఉంటుంది.

నన్నడిగితే స్పార్క్స్‌లో సాదా ఐకాన్‌లకి షేప్ స్క్రిప్టే మేలు, అంటే గుర్తుని ఎలా గీయాలో చెప్పే చిన్న కోడ్. అందులో కొలతలు 0 నుంచి 100 దాకా ఉంటాయి, అంటే ఎలిమెంట్ (డయాగ్రమ్‌లోని బాక్స్) సైజులో శాతాలు. డేటాబేస్ గుర్తు కావాలంటే కింద ఒక ఎలిప్స్, రెండు పక్కలా నిలువు గీతలు, పైన ఇంకో ఎలిప్స్. అంతే. బాక్స్‌ని ఎంత లాగినా అంచు చెక్కుచెదరదు. ఎలిమెంట్ రంగు మారిస్తే గుర్తు రంగూ మారుతుంది, బొమ్మ ఫైల్‌తో ఆ సుఖం లేదు. స్క్రిప్ట్ స్టీరియోటైప్‌కి (ఎలిమెంట్ ఏ రకమో చెప్పే గుర్తింపు పేరుకి) కట్టి ఉంటుంది కాబట్టి ఒకచోట సరిదిద్దితే ఆ స్టీరియోటైప్ వాడిన ప్రతి డయాగ్రమ్‌లోనూ మారుతుంది. వేరే మోడల్‌లో కూడా కనిపించాలంటే మాత్రం ఎండీజీ టెక్నాలజీగా (స్పార్క్స్‌లో చేర్చుకునే ప్యాకేజీగా) కట్టి పంచాలి. మెలికలు తిరిగిన కంపెనీ లోగోలని స్క్రిప్ట్‌లో గీయబోకండి, అక్కడ ఈఎంఎఫ్ చాలు.

చేతిలో పాత 32 పిక్సెళ్ల లోగో తప్ప ఇంకేం లేకపోతే దాన్ని ట్రేస్ చేసి, అంటే టూల్‌తో అంచుల వెంబడి గీతలు గీయించి, వెక్టర్‌గా మార్చాలనిపిస్తుంది. అన్ని తక్కువ పిక్సెళ్ల నుంచి ట్రేస్ చేస్తే వంపులు ముద్దముద్దగా వస్తాయి. డిజైన్ టీమ్‌ని అడిగి అసలు వెక్టర్ ఫైల్ తెప్పించుకోండి. అదీ దొరక్కపోతే కొత్తగా గీసుకోవడమే నయం.