మౌస్ జీఎమ్-సీఎస్ఎఫ్, ఎమ్-సీఎస్ఎఫ్: ఆరేళ్లు వాడాక

ఎలుక ఎముక మజ్జ నుంచి డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు (రెండూ రోగనిరోధక కణాలే) పెంచడమే నా పని. మొదటివాటికి జీఎమ్-సీఎస్ఎఫ్, రెండోవాటికి ఎమ్-సీఎస్ఎఫ్ అనే సైటోకైన్లు, అంటే కణాలను పెంచే సంకేత ప్రోటీన్లు కావాలి. రెండూ జన్యువు చొప్పించిన ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైన (రీకాంబినెంట్) ప్రోటీన్లే. ఆరేళ్లుగా ఒకే కంపెనీవి వాడుతున్నాను.

జీఎమ్-సీఎస్ఎఫ్ మీద నాకు మంచి గురి ఉంది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు వేసి వదిలేస్తే, ఆరో రోజుకు కణాలు ద్రాక్షగుత్తుల్లా ముద్దకట్టి, ప్లేటు కాస్త కదిపితే చాలు పైకి లేస్తాయి. ఆ గుత్తులు చూస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఒక్క లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మాత్రం నన్ను రెండు నెలలు ఏడిపించింది. ఏమీ కలపని కంట్రోల్ కణాల్లోనే సీడీ86 (కణం ఉత్తేజితమైందని చూపే గుర్తు) పెరిగిపోయి ఉంది. ఎల్‌పీఎస్ (కణాలను ఉత్తేజపరిచే బ్యాక్టీరియా పదార్థం) వేసినవాటికీ వేయనివాటికీ పెద్ద తేడా లేదు. సీరం మార్చాను, మీడియం మార్చాను, ఫ్లో సైటోమీటర్ సెట్టింగులు మళ్లీ చూశాను. చివరికి సైటోకైన్‌కే ఎల్‌ఏఎల్ పరీక్ష చేస్తే ఎండోటాక్సిన్, అంటే ఆ ఎల్‌పీఎస్ లాంటిదే, దొరికింది. లేబుల్ మీదేమో మైక్రోగ్రాముకు 1 ఎండోటాక్సిన్ యూనిట్ కన్నా తక్కువ అని ఉంది. అదే నిజమైతే నా ప్లేటులో మిల్లీలీటరుకు 0.02 యూనిట్ కూడా దాటకూడదు. వయల్ మార్చి ఇచ్చారు గానీ పోయిన ఎలుకలు, పోయిన రోజులు తిరిగి రావు కదా.

అప్పటి నుంచి కొత్త లాట్ వస్తే పాతదాని పక్కన పెట్టి ఒకే మజ్జ మీద పోల్చి చూస్తాను. నచ్చితే ఏడాదికి సరిపడా అదే లాట్ కొంటాను. కొనేటప్పుడు మైక్రోగ్రాముల ధర ఒక్కటే చూడొద్దు, ఈడీ50 (గరిష్ఠ ప్రభావంలో సగం చూపే గాఢత) కూడా అడగండి. అది మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము అంటే మిల్లీగ్రాముకు కోటి చురుకు యూనిట్లన్నమాట. అంత చురుకు లేని సరుకు చవగ్గా వచ్చినా రెట్టింపు పోయాల్సి వస్తుంది.

వయల్ మూత తీసే ముందు తప్పకుండా సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పండి. పొడి కంటికి ఆననంత కొద్దిగా ఉంటుంది, సగం మూతకే అంటుకుని ఉండొచ్చు. బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) లేని రకమైతే పలచగా కలిపి దాచొద్దు, ప్రోటీన్ ట్యూబు గోడలకు అతుక్కుపోతుంది. నేను మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములుగా, 0.1 శాతం బీఎస్ఏతో కరిగించి, ఒక్కసారికి సరిపడే అలికాట్లుగా పంచి మైనస్ 80లో పెడతాను. కరిగిన అలికాట్‌ను మళ్లీ గడ్డకట్టించను.

మనిషి జీఎమ్-సీఎస్ఎఫ్ ఎలుక కణాల మీద పనిచేయదు. ఫ్రీజర్‌లో రెండూ పక్కపక్కనే ఉంటే మూతల రంగులు వేరుగా పెట్టుకోండి.

ఎమ్-సీఎస్ఎఫ్ కూడా బాగానే ఉంది, పేచీ ఏమీ రాలేదు. మామూలు మాక్రోఫేజ్ కల్చర్లకు మాత్రం ఎల్929 కణాలు (ఎమ్-సీఎస్ఎఫ్‌ను విడుదల చేసే ఎలుక కణాలు) పెరిగిన మీడియమే వాడుతున్నాను, ఎమ్-సీఎస్ఎఫ్ మోతాదు కచ్చితంగా తెలియాల్సిన ప్రయోగాలకే ఈ వయల్ తీస్తాను.