వెస్టన్ పాత మానసిక ఆసుపత్రిలో రెండు రోజులు

అమెరికాలోని వెస్టన్ అనే ఊళ్ళో మొదటి ఇరవై నిమిషాలు నా కెమెరాకి ఏమీ కనబడలేదు. తప్పు నాదే. రాత్రంతా గదిలో ఏసీ బాగా పెంచుకుని పడుకున్నాను. పొద్దున్నే ఆ చల్లటి కెమెరా పట్టుకుని ఆగస్టు ఉక్కపోతలోకి వచ్చాను. లెన్సు మీద ఆవిరి పట్టేసింది, తుడిస్తే మళ్ళీ పట్టేస్తోంది. చేసేదేం లేక పచ్చిక మీద కూర్చుని ట్రాన్స్-అలెగెనీ లునాటిక్ అసైలం అనే పాత మానసిక ఆసుపత్రి భవనాన్ని ఉత్త కళ్ళతోనే చూశాను. ఒకరకంగా అదే మేలైంది. చేతిలో కెమెరా పనిచేస్తూ ఉంటే పెచ్చులూడిన గోడల కోసం నేరుగా లోపలికి పరిగెత్తేవాణ్ణి, భవనం ఎలా కట్టారో చూసేవాణ్ణి కాదు.

మధ్యలో గడియారం గోపురం, రెండు పక్కలా రెక్కలు. ఆ రెక్కలు తిన్నగా సాగవు. ఒక్కో వార్డు ముందుదానికన్నా కాస్త వెనక్కి జరిగి ఉంటుంది, పైనుంచి చూస్తే రెక్కలు చాచిన గబ్బిలంలా. ఇది థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్ అనే డాక్టరు ఆలోచన. ప్రతి వార్డుకీ గాలి, వెలుతురు నేరుగా తగలాలి, మందుతో పాటు భవనం కూడా వైద్యం చేయాలి అన్నది ఆయన లెక్క. వెస్ట్ వర్జీనియాలోని ఈ ఆసుపత్రిని ఆ పద్ధతిలోనే 1858లో మొదలుపెట్టారు. మధ్యలో అమెరికా అంతర్యుద్ధం వచ్చి పని ఆగింది. 1864లో మొదటి రోగులు వచ్చారు, మొత్తం పూర్తయ్యేసరికి 1881 అయింది. ఉలితో చెక్కిన ఇసుకరాయి, రెండున్నర అడుగుల మందం గోడలు. 250 మంది కోసం కట్టిన ఈ ఆసుపత్రిలో 1950లలో 2,400 మంది ఉన్నారు. 1994లో మూసేశారు.

ఆ 250, 2,400 అన్న అంకెల్ని బుర్రలో పెట్టుకుని లోపలికి వెళితే ఫోటోలు వేరుగా వస్తాయి. ఒక మంచం, చిన్న బల్ల పట్టే గది కనిపించినప్పుడు, ఇందులో ఎంతమంది పడుకుని ఉంటారు అన్న లెక్క దానంతటదే మొదలవుతుంది.

టూర్ల సంగతి. 2007లో వేలంలో 15 లక్షల డాలర్లకు ఒక ప్రైవేటు వ్యక్తి దీన్ని కొన్నాడు. ఆ మరుసటి ఏడాది నుంచి సందర్శకుల్ని రానిస్తున్నారు. టికెట్లో వచ్చే డబ్బు మరమ్మతులకు కూడా వాడుతున్నారు. పగటి చరిత్ర టూరు, రాత్రి దెయ్యాల టూరు, ఫోటోగ్రఫీకి వేరే టూరు ఉన్నాయి. ఏడాది పొడుగునా తెరిచి ఉండదు కాబట్టి బయల్దేరేముందు వాళ్ళ క్యాలెండర్ చూసుకోవాలి. నేను మొదటి రోజు చరిత్ర టూరు, రెండో రోజు ఫోటోగ్రఫీ టూరు తీసుకున్నాను. ఈ వరసలోనే వెళ్ళమని చెప్తాను. మొదటి రోజు పాతకాలం నర్సు యూనిఫాంలో ఉన్న గైడు వెనకాల నడుస్తూ ఏ వార్డు ఎటు తిరిగి ఉందో, ఏ కిటికీలోకి ఎప్పుడు ఎండ వస్తుందో చిన్న పుస్తకంలో రాసుకున్నాను. రెండో రోజు ఆ కాగితమే నాకు గైడు.

దెయ్యాల టూరుకి నేను వెళ్ళలేదు. ఇష్టం ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చు. ఫోటోల కోసమే అయితే అనవసరం, చీకట్లో టార్చి వేసి తీసినవన్నీ ఒకేలా ఉంటాయి. పైగా ఇంత వెలుతురు కోసం ఇంత కష్టపడి కట్టిన భవనాన్ని రాత్రిపూట చూడటం నాకెందుకో మనసొప్పలేదు. 'లునాటిక్ అసైలం' (పిచ్చివాళ్ళ ఆశ్రయం) అనే పాత పేరును కొత్త యజమాని మళ్ళీ తగిలించడం మీద మానసిక ఆరోగ్యం కోసం పనిచేసేవాళ్ళు అప్పట్లో అభ్యంతరం చెప్పారు. మనం కూడా మాటవరసకి 'పిచ్చాసుపత్రి' అనేస్తాం. అక్కడ తిరిగొచ్చాక ఆ మాట నోటికి అంత తేలిగ్గా రావట్లేదు.

ఇక ఫోటోలు. పొడవాటి కారిడార్, చివర కిటికీ: అందరూ తీసేది ఇదే, నేనూ తీశాను. కిటికీ దగ్గర వెలుతురు మండిపోతుంది, తలుపుల దగ్గర నల్లగా ఉంటుంది. ఒక్క క్లిక్‌తో రెండూ రావు. ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంచి, ఒక్కో స్టాపు తేడాతో, అంటే ఒక్కోదానికి వెలుతురు రెట్టింపయ్యేలా, ఐదు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలిపాను. ఫ్లాష్ వేస్తే మాత్రం పెచ్చుల నీడలు చచ్చిపోతాయి. ఆ గోడల అందమంతా పక్కనుంచి పడే వెలుతురులోనే ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే కింద పాత పసుపు, దాని మీద తెలుపు, పైన నీలంలాంటి ఆకుపచ్చ. పైపొర ఎండుటాకులా ముడుచుకుని, అంచు పట్టుకుని వేలాడుతోంది. కారిడార్లో ఎవరో తలుపు తెరిస్తే గాలికి కొన్ని టపటపమన్నాయి.

అందంగానే ఉంటాయి గానీ, ఇంత పాత భవనాల పెయింట్లో సీసం ఉంటుంది, పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ము పీలిస్తే ప్రమాదం. ఆస్‌బెస్టాస్‌కి ఎన్‌95 చాలదు, పి100 ఫిల్టరున్న మాస్కు పెట్టుకోండి. నేల మీద కూర్చోకండి, బ్యాగు కింద పెట్టకండి. అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకుని, వాటిని కారెక్కే ముందే విప్పి కవర్లో వేసేయండి. లెన్సు మాత్రం లోపల మార్చొద్దు. నేను ఒకసారి మార్చిన పాపానికి సెన్సర్ మీద పడ్డ మూడు మచ్చల్ని ప్రతి ఫోటోలోనూ చెరుపుకుంటూ కూర్చున్నాను.

రెండో రోజు ఒక గదిలో చక్రాల కుర్చీ మూలకి ఉంది. కిటికీ వెలుతురులోకి జరిపితే బ్రహ్మాండంగా వస్తుందని జరిపేశాను. వ్యూఫైండర్లోంచి చూస్తే నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. నాలాంటివాళ్ళు వందమంది తీసిన ఫోటోలాగే ఉంది. ముందురోజు గైడు చెప్పింది గుర్తొచ్చింది. 1952లో వాల్టర్ ఫ్రీమన్ అనే డాక్టరు ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులు తిరిగి రెండు వారాల్లో 228 మందికి లోబోటమీ, అంటే మెదడులోని నరాల బంధాల్ని తెంచే ఆపరేషన్, చేశాడట. కనురెప్ప కింద నుంచి సన్నటి సాధనాన్ని మెదడులోకి దించే పద్ధతి. అలాంటి చోట నేను సామాను సర్ది నాటకం కడుతున్నాననిపించింది. కుర్చీని మళ్ళీ మూలకి నెట్టి, గడప ఫోటో తీశాను. చెక్క గడప మధ్యలో అరంగుళం అరిగి, అరచేతిలా గుంట పడి ఉంది. ఎన్ని కాళ్ళు దాటి ఉంటాయో. ఆ రెండు రోజుల్లో నేను తీసినవాటిలో నాకు నచ్చింది అదే.

బస గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెస్టన్ చిన్న ఊరు. హైవే ఐ-79 మీద 99వ ఎగ్జిట్ దగ్గర మామూలు గొలుసు హోటళ్ళు ఉన్నాయి. నేను దిగినదాంట్లో కారిడార్ లైటు తలుపు సందులోంచి రాత్రంతా మొహం మీదే కొట్టింది, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. నిద్రకి చాలు.

ఇదంతా ఎందుకు, ఏ దిక్కూ లేని పాడుబడ్డ ఆసుపత్రిలోకి కంచె దూరి వెళితే పైసా ఖర్చుండదుగా అని ఒక స్నేహితుడు అన్నాడు. వాడి మాట విని ఇంకోచోట ఒక కంచె దాకా వెళ్ళాను కూడా. కిటికీలోంచి చూస్తే రెండో అంతస్తు నేల మొదటి అంతస్తులో ఉంది. అక్కడికక్కడే వెనక్కి తిరిగాను. పోలీసు కేసు సంగతి తర్వాత, కాలు కిందకి దిగబడితే లేపడానికి మనిషి ఉండడు.

తిరుగు ప్రయాణంలో కాకపోయినా వేరే ట్రిప్పులో బఫెలో తప్పక వెళ్ళండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఈ ఊళ్ళోని పాత ఆసుపత్రి కూడా కర్క్‌బ్రైడ్ పద్ధతిదే, హెచ్.హెచ్. రిచర్డ్‌సన్ అనే ఆర్కిటెక్టు డిజైన్ చేసింది. ఎర్రటి రాయి, రాగి కప్పుల జంట గోపురాలు. 2017లో మధ్య భాగాన్ని హోటల్ చేశారు. అది 2021లో మూతపడి, ఆ తర్వాత వేరే పేరుతో మళ్ళీ తెరుచుకుంది. రోగుల చిన్న గదుల్ని కలిపి ఇప్పటి గదులు చేశారు. కారిడార్ మాత్రం గదుల కన్నా దర్జాగా ఉంటుంది. రోగులు పగలంతా తిరిగేది, కూర్చునేది అక్కడే కాబట్టి అంత వెడల్పు పెట్టారు. వెస్టన్‌లో ఐదు ఎక్స్‌పోజర్లతో తంటాలు పడ్డ అలాంటి కారిడార్‌నే ఇక్కడ తెల్ల సున్నం, కార్పెట్‌తో ఒక్క క్లిక్‌లో తీసేశాను. ఫోటో బాగానే వచ్చింది, హోటల్ ప్రకటనలా ఉంది.

నేను వెళ్ళినప్పటికి పక్క భవనాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పొద్దున లేచేసరికి వాటిలో ఒక పగిలిన కిటికీ మీద ఎండ పడి, లోపలి గోడ కొంచెం కనిపించింది, అదే ఆకుపచ్చ. ట్రైపాడ్ కారులో ఉంది. దిగి వెళ్ళి తెచ్చుకునేలోపు ఎండ పక్క కిటికీకి జరిగిపోయింది.