పాత కారవాన్ కొంటున్నారా? కిటికీ కింద చెక్క నొక్కి చూశాకే డబ్బులివ్వండి

మాది రాజోలు దగ్గర. రొయ్యల చెరువు గట్టు మీద కాపలాకీ, సెలవుల్లో పిల్లల్ని మారేడుమిల్లి తీసుకెళ్ళడానికీ పనికొస్తుందని మార్చిలో ఒక సెకండ్ హ్యాండ్ కారవాన్ ట్రైలర్ కొన్నాను. కారు వెనక తగిలించి లాగే రకం. ఎండాకాలంలో కొనడమే నేను చేసిన మొదటి తప్పు. ఎండలో ఏ బండీ కురవదు కదా!

కిటికీల చుట్టూ తెల్లగా కొత్త సిలికాన్ (సందులు మూసే జిగురు) పూసి ఉంది. "ఆయ్, మొన్ననే సీలింగ్ చేయించానండీ" అన్నాడు అమ్మినాయన. బండిని బాగా చూసుకున్నాడనుకున్నాను. జూలైలో ముసురు పట్టిన రెండో రోజు పరుపు ఎత్తితే, కిటికీ కింద ప్లైవుడ్ నల్లబడి ఉంది. బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగిపోయింది. ఫోన్ చేస్తే ఆయన జవాబు: "నా దగ్గరున్నన్నాళ్ళూ కురవలేదండీ."

అక్కడితో ఆగలేదు. బస్సు బాడీలు కట్టే ఒక షెడ్డుకి తీసుకెళ్తే నాలుగు కిటికీలకి 6,500 తీసుకుని, పాత సిలికాన్ మీదే మళ్ళీ సిలికాన్ పూసి పంపారు. పాతదాని మీద కొత్తది సరిగ్గా అతుక్కోదు, వారానికే పొరలా ఊడొచ్చింది. పైగా ఫ్రేము అడుగున సన్నటి కంతలుంటాయి, జరిపే అద్దాల గాడిలో చేరిన వాననీళ్ళు బయటికి పోవడానికి. అవీ లీకేజీయే అనుకుని మూసేశారు! ఇంకేముంది, గాడి నిండి నీళ్ళు నేరుగా మంచం మీదకి. పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చింది, అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. ఆ వాసన వచ్చే రకం సిలికాన్ లోహానికి మంచిది కాదు. అసలే మనది ఉప్పుగాలి.

చివరికి నేనూ మా బావమరిదీ కూర్చుని కిటికీ మొత్తం ఊడదీశాం. కిటికీని లోపలి నుంచి బిగించి పట్టే రింగు స్క్రూలు సగం తుప్పుపట్టి విరిగిపోయాయి, వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాం. పాత జిగురంతా ప్లాస్టిక్ పుట్టీ బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఫ్రేము అంచు చుట్టూ బ్యూటైల్ టేపు (మెత్తగా, జిగటగా ఉండే రబ్బరు టేపు) అంటించి బిగించాం. ఒకేసారి గట్టిగా కాదు, ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా. టేపు నాలుగు వైపులా సమానంగా బయటికి ఉబికితే అతుకు కుదిరినట్టు. నీళ్ళనాపేది ఆ టేపే. పైన పూసేది దానికి తోడు మాత్రమే.

కొనేవాళ్ళు బేరానికి ముందే కిటికీల కింది మూలలు నొక్కి చూడండి. స్క్రూ తలల మీద తుప్పు ఉందా, తలుపు తీయగానే ముక్కిన వాసన కొడుతోందా అన్నది కూడా. తర్వాత ఒకరు టార్చితో లోపలుండాలి, ఒకరు బయట పైపుతో నీళ్ళు కొట్టాలి, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. పైనుంచి మొదలెడితే ఎక్కడ కారుతోందో తెలియదు. మేం అలా కొడుతుంటే "బావా, కిటికీ కాదు, పైన లైటు దగ్గర్నుంచి!" అని లోపల్నుంచి అరిచాడు మావాడు. అమ్మేవాడు నీళ్ళు కొట్టనివ్వను అన్నాడంటే ఆ బండి వదిలేయండి.

మూడు కిటికీలయ్యాయి. నాలుగోదాని కింద చెక్క కోసి మార్చాలి. అక్టోబరు తుపాన్ల లోపు అవుతుందా అన్నదే నా టెన్షన్.