నాలుగు పచ్చమూత గొట్టాలు: చెన్నైలో లుటీషియం చేయించుకున్నాక నా రివ్యూ

మా నాయనకు ప్రొస్టేట్ క్యాన్సర్. నెల్లూరులో తెల్లారుజామున రైలెక్కి చెన్నై పోయి రేడియేషన్ వదిలే లుటీషియం-177 మందు వైద్యం చేయించుకొచ్చాం. ఆసుపత్రి పేరు రాయను, తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి.

మందు 200 మిల్లీ క్యూరీలు. సెలైన్ మాదిరి నరానికి ఎక్కించారు, అరగంట కూడా పట్టలేదు. రాత్రికి విడి గది. పరిశోధనకు రక్తం ఇస్తారా, ఇష్టమైతేనే అన్నారు. పచ్చమూత గొట్టాల్లో తీశారు: మందుకు ముందొకటి, ఎక్కాక గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు. "ఏందబ్బయ్యా, నెత్తురంతా వీళ్లకేనా?" అన్నాడు నాయన. తీసింది రొంతే. డబ్బులు తీసుకోలేదు.

నా ఐదు స్టార్లూ ఆ రక్తం చూసే ల్యాబులో పనిచేసే అమ్మాయికి. నేను ఇందుకూరుపేట దగ్గర వనామి రొయ్యలు వేస్తా. డీఎన్‌ఏ అంటే నాకు తెలిసింది రొయ్యల వైట్ స్పాట్ జబ్బుకు చేయించే పీసీఆర్ పరీక్ష దాకానే. ఆమె పేర్లు లేని పాత స్లైడ్లు తెర మీద చూపించింది: నీలం ముద్దలు, అంటే తెల్లకణాల కేంద్రకాలు, వాటిలో పచ్చటి చుక్కలు. మందు ఒంట్లో తిరిగేటప్పుడు తెల్లకణాలకూ రేడియేషన్ తగులుతుంది. డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగితే, పక్కనుండే హెచ్2ఏఎక్స్ అనే ప్రొటీన్‌కు కణం ఫాస్ఫేటు తగిలించి గుర్తు పెడుతుంది. ఆ గుర్తుకు రంగు పట్టిస్తే చుక్క. ఇంచుమించు ఒక్కో చుక్కా డీఎన్‌ఏ తెగిన ఒక్కో చోటు. మందుకు ముందు తీసిన రక్తంలోనూ అక్కడొకటీ అక్కడొకటీ ఉన్నాయి, అది మామూలేనట. మొదటి గంటల్లో పెరిగి, తర్వాత తగ్గుతూ వస్తాయి. కణం తనే అతుకేసుకుంటుందన్నమాట.

అన్ని కణాలూ ఎట్లా లెక్కపెడతారు తల్లీ అంటే నవ్వింది. హేచరీలో మేం ఒక సంచి పిల్లను బేసిన్లో పోసి లెక్కపెట్టి, మిగతా సంచులకు అదే లెక్క కడతాం. వీళ్లూ అంతే, కొన్ని కణాలు లెక్కపెట్టి సగటు తీస్తారు.

ఇక తిట్లు. మా నాయన లెక్క ఎంతొచ్చిందంటే చెప్పరు. అది పరిశోధనకేనట. సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉంది, కాదనను. ఇంగ్లీషులో, ఏడో పేజీలో. అరవంలో ఇంకో కాపీ ఉంది, తెలుగులో లేదు. ఆ వరండాలో కూర్చున్నోళ్లలో సగం మంది మన జిల్లావాళ్లే. కాగితాలకు 1 స్టారు, అదీ జాస్తే.

పోయేవాళ్లకు ఒక మాట: చుక్కల పరీక్షకు రక్తం ఇచ్చాం కదా అని సీబీసీ (మామూలు రక్తకణాల లెక్క పరీక్ష) మానొద్దు. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ పడిపోతే తెలిసేది దాంట్లోనే. మేం నెల్లూరులోనే చేయించి రిపోర్టు ఫోన్లో పంపాం.

ఆరు వారాలకు రెండో డోసు. ఈసారి ఆ తెర తనకూ చూపిస్తారేమో అడగమన్నాడు నాయన.