14 నెలల టిక్కుల క్యాలెండర్: లెక్కలకి సరే, కొబ్బరి ఒలుపు దగ్గర చెడింది

నిరుడు సంక్రాంతి సెలవులయ్యాక, మావాడు తొమ్మిదో తరగతిలో ఉండగా ఇది మొదలుపెట్టాను. పని చేస్తే గోడ క్యాలెండర్ మీద ఒక టిక్కు, పది టిక్కులకి వాడు అడిగిన చిన్న సరదా ఏదో ఒకటి. పిల్లలున్న ఇళ్లలో తెలిసిన పద్ధతే కాబట్టి వివరాలు వదిలేస్తున్నాను. మొదటి మూడు నెలలూ కనబడిన ప్రతి తల్లికీ దీని గురించి చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

లెక్కలకి మాత్రం పనిచేసింది. అంతకుముందు పుస్తకం తీయించడానికే రోజూ గొడవ. "రోజుకి నాలుగు లెక్కలు చెయ్యి నాన్నా, తప్పయినా పర్లేదు" అన్నాక కూర్చోవడం అలవాటైంది. మార్కులకి కాకుండా కూర్చున్నందుకు టిక్కు పెట్టడమే కలిసొచ్చింది. బహుపదుల్లో నాలుగుకి నాలుగూ తప్పు చేసిన రోజు కూడా టిక్కు పడింది. వాడు అడిగేవి మిరపకాయ బజ్జీలు, ఆదివారం ఇంకో గంట క్రికెట్, వాళ్ల నాన్న బండి మీద గోదారి గట్టు దాకా షికారు. డబ్బులు రెండుసార్లిచ్చి మానేశాను, మూడోసారికే రేటు పెంచాడు.

నాకు బాధ మిగిల్చింది కొబ్బరికాయలు. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. దింపు (చెట్ల మీంచి కాయలు దించడం) అయినప్పుడల్లా ఇంటికి ఉంచుకునే కాయల్ని మావయ్యగారు పెరట్లో పాతిన గునపం మీద ఒలుస్తారు. పదేళ్లప్పటి నుంచీ వీడు ఆయన పక్కనే. ఎవరూ పిలవక్కర్లేదు, బడి నుంచి వస్తూనే సంచి అరుగు మీద పడేసి వెళ్లిపోయేవాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో గానీ చీకటి పడేదాకా నవ్వులే. మేలో నాకు ఉత్సాహం ఎక్కువై, ఆ పనినీ క్యాలెండర్‌కెక్కించాను. ఇరవై కాయలకి ఒక టిక్కు. ఆ దింపుకి అరవై ఒలిచాడు, నేను పొంగిపోయాను.

జూలై దింపుకి నలభై ఒలిచి చేతులు దులుపుకున్నాడు. "ఇంకో పదకొండే ఉన్నాయిరా అబ్బాయ్" అన్నారు మావయ్యగారు. "పదకొండుకి టిక్కు రాదు తాతా" అని లోపలికొచ్చేశాడు. పొగరుతో అన్నది కాదు, నేను నేర్పిన లెక్కే చెప్పాడు. ఆయన ఒక్క మాట అనలేదు. మిగిలిన పదకొండూ ఆయనే నెమ్మదిగా ఒలుచుకున్నారు. వంటింటి కిటికీలోంచి చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. మర్నాడే ఆ టిక్కు తీసేశాను. దాంతో వీడు పెరట్లోకి వెళ్లడమే మానేశాడు. సెప్టెంబరులోనూ నవంబరులోనూ ఆయన ఒక్కరే.

ఎందుకిలా అయిందా అని వెతికితే 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ చేసిన ప్రయోగం కనబడింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత వాళ్లకి ఆ గీయడం మీదే ఆసక్తి తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో తగ్గలేదు. అవి చిన్నపిల్లల సంగతులే అయినా, మా పెరట్లో జరిగింది అచ్చం అదే.

ఈ కనుమకి మావయ్యగారు వాణ్ని జగ్గన్నతోట తీర్థానికి, అంటే అక్కడ జరిగే ప్రభల జాతరకి, తీసుకెళ్లారు. దేనికీ బదులుగా కాదు, ఊరికే. గంగలకుర్రు అగ్రహారం ప్రభని, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి ప్రభని, భుజాల మీద కౌశిక కాలువ దాటించడం ఇద్దరూ గట్టు మీద నిలబడి చూశారట. జీళ్లు, ఖర్జూరం పొట్లాలతో చీకటి పడ్డాక వచ్చారు. ఆ నెలాఖరు దింపుకి వాడంతట వాడే గునపం దగ్గరికెళ్లాడు. అయితే మునుపటిలా చీకటి పడేదాకా లేడు, ఓ అరగంట ఉన్నాడంతే.

కాబట్టి బొత్తిగా ఇష్టం లేని పనిని మొదలుపెట్టించడానికి టిక్కులు వాడొచ్చనే అంటాను. ఇష్టంగా చేస్తున్నదాని జోలికి మాత్రం వెళ్లొద్దు. అదీ మా ఇంట్లో అయిన అనుభవమే. మాకు పెద్దాయన ఉన్నారు కాబట్టి కొంతైనా సర్దుకుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలయ్యేదాకా లెక్కల టిక్కు ఉంచుతాను. తర్వాత క్యాలెండర్ తీసేయాలా వద్దా అన్నది వాణ్నే అడుగుతాను.